దీపం గుర్తు బొమ్మ

తర్లుపాడు దగ్గర పలకరాయి గనిలో పనిచేసే ఎర్రయ్యకి సినిమా అంటే కత్తి బొమ్మే. ఈ సంగతి గనిలో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పాడు. పొద్దంతా వంగి, ఉలితో రాయి పొరలు విప్పీ విప్పీ నడుము పట్టేసిన మనిషి, డేరా సినిమాలో ఇసక మీద కూర్చుని ఇద్దరు రాజకుమారులు మేడ మెట్ల మీద కత్తులు తిప్పుకుంటుంటే ఆ నొప్పి మరిచిపోయేవాడు. దేవుడి బొమ్మలు ఆడవాళ్లకి వదిలేశాడు. సాంఘికాలకి ఆయన పెట్టిన పేరు ఏడుపు బొమ్మలు.

"ఇంట్లో ఉండే ఏడుపు చాల్లేదా, మళ్లా దానికి టిక్కెట్టా" అనేవాడు.

ఇదంతా పైకి. లోపల మాత్రం ఒక తల్లి మూడేళ్లుగా పరుగెడుతూనే ఉంది.

మూడేళ్ల కిందట ఎర్రయ్య ఒక మేకని తోలుకురావడానికి గిద్దలూరు వెళ్లి, అక్కడి డేరాలో ఏం ఆడుతోందో చూడకుండా దూరాడు. అది ఏడుపు బొమ్మ. స్టేషన్ రద్దీలో నాలుగేళ్ల కూతురు తప్పిపోయి వేరే రైలెక్కేసింది. రైలు కదిలింది. తల్లి పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే గాలిదుమారం లేచి, డేరా గుడ్డ తెరతో సహా ఎగిరి పక్క చేలో పడింది. ఆ పిల్ల దొరికిందో లేదో ఎవరినైనా అడుగుదామంటే, తను ఏడుపు బొమ్మ చూసినట్టు తెలిసిపోతుంది. గని పక్కనుంచి గుంతకల్లు రైలు పోయినప్పుడల్లా ఎర్రయ్య చేతిలో ఉలి ఆగేది.

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటి వేసవిలో తర్లుపాడుకి ఒక డేరా వచ్చింది. దాని మేనేజరు వరప్రసాదం తెలివైనవాడు. గనివాళ్లు రాకపోతే డేరా నిండదని కనిపెట్టి, నేరుగా గనికే వచ్చాడు.

"బెజవాడలో మూడు ఫిలిం పెట్టెలు ఖాళీగా ఉన్నాయంట పెద్దాయనా. ఒకటి కత్తి బొమ్మ. ఒకటి దేవుడిది. ఇంకోటి, రైలు స్టేషన్లో బిడ్డ తప్పిపోయే కథ. మీకేది కావాలో చెప్తే అదే తెప్పిస్తా."

ఎర్రయ్య చేతిలో ఉలి ఆగింది. దగ్గాడు. "దుమ్ము" అన్నాడు.

"అడిగేదేముంది, కత్తి బొమ్మే. మా మామ ఇంకోటి చూడడు" అన్నాడు పక్కనే రాయి మోస్తున్న గిద్యోను.

"అట్ల కాదు అల్లుడూ. నా ఒక్కడి మాట ఏంది? మొన్న ఎలక్షన్లో ఓటేసినాం గదా, అట్లే వేద్దాం" అన్నాడు ఎర్రయ్య. ఆయన నోట అంత న్యాయమైన మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

మొన్నటి ఎలక్షన్లో గుర్తుకొక ఓట్ల పెట్టె పెట్టారు. ఇక్కడ గుర్తుకొక కుండ, ఓటుకొక పలక ముక్క. టీ కాచి అమ్మే ఖాతూన్బీ మూడు కుండలిచ్చింది. మూడు పలకల మీద గుర్తులు గీసే పని ఎర్రయ్యే తన మీద వేసుకున్నాడు. కత్తిని కత్తిలాగే గీశాడు. దేవుడి బొమ్మకి విష్ణుచక్రం గీసి, దానికి లావుపాటి ఆకులు, నడుమ ఇరుసు పెట్టేసరికి అది బండి చక్రమయింది. ఏడుపు బొమ్మకి కన్నీటి చుక్క గీశాడు. చుక్క కొన పైకి సాగదీసి, అడుగున చిన్న వంపు గీత గీస్తే, దీపం వెలుగుతున్నట్టే ఉంది. ఏ గుర్తు దేనికో మేనేజరుకి చెవిలో చెప్పాడు. మిగతావాళ్లు అడిగితే, "కండ్లు లేవా మీకు? చూస్తే తెలీదా?" అన్నాడు.

చూశారు. వాళ్లకి తెలిసిపోయింది. చక్రం బండిది కాబట్టి ఏడుపు బొమ్మ, ఎవరో రైతు కష్టాల కథ. దీపం దేవుడు. ఎర్రయ్య భార్య ఆదెమ్మ అయితే దీపం కుండకి కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి మరీ పలక ముక్క వేసింది. ఆమె వెనకాల ఆడవాళ్లందరూ అంతే. కత్తి కుండలో ఎర్రయ్య అందరికీ చూపించి ఒక ముక్క వేశాడు.

ఖాతూన్బీ కుండలు బోర్లించి లెక్కపెట్టింది. "దీపం గెలిచింది ఎర్రన్నా. నీ కత్తికి తుప్పు పట్టింది."

ఎర్రయ్య తలదించుకుని ఓడిపోయిన మనిషిలా నడిచాడు. మొహం కనబడితే దొరికిపోతాడు.

వాల్‌పోస్టర్లు అందలేదు. వరప్రసాదం గెలిచిన పలకనే డేరా ముందు వేలాడదీశాడు. ఆదివారం మొదటి ఆటకి ఆడవాళ్లు తలంటు పోసుకుని, కొబ్బరికాయలు, కర్పూరం పట్టుకుని వచ్చారు. తెర మీద దేవుడు కనబడగానే హారతి ఇవ్వాలని ఆదెమ్మ అందరికంటే ముందు కూర్చుంది.

తెర మీద రైలొచ్చింది.

"ఏందిది? స్వామి రైల్లో వస్తాడా?" అంది ఆదెమ్మ.

"వైకుంఠానికి మీటరు గేజి వేసినారేమో అత్తా" అన్నాడు గిద్యోను మగవాళ్ల వైపు నుంచి.

కాసేపు ఓపిక పట్టారు. సరిగ్గా పిల్ల తప్పిపోయి, తల్లి రైలు వెనక పరుగు అందుకునే చోట ఆడవాళ్ల ఓపిక అయిపోయింది. ఆపమని ఒకటే గోల. వరప్రసాదం మిషన్ ఆపి, దీపాలు వేయించి, పలక పట్టుకుని వచ్చాడు.

"మీరు ఓటేసిందే గదమ్మా తెచ్చినా. ఇది కన్నీటి చుక్క."

"అది దీపం. నేను బొట్టు కూడా పెట్టినా" అంది ఆదెమ్మ.

"చుక్క అని గీసినాయనే చెప్పినాడు."

డేరా మొత్తం ఎర్రయ్య వైపు తిరిగింది. ఎర్రయ్య లేచాడు. ఎన్నో సాకులు నోటిదాకా వచ్చాయి. కానీ మేనేజరు వెనక తెల్లటి తెర ఖాళీగా ఉంది, తల్లి మళ్లీ అక్కడే ఆగిపోయింది.

"నేనే చేసినా. చక్రం కూడా కావాలనే అట్ల గీసినా" అన్నాడు. "గిద్దలూరులో సగమే చూసినా. మూడేండ్లయింది. ఆ పిల్ల దొరికిందో లేదో తెలీక సచ్చిపోతన్నా. రేపు నన్ను ఎన్నన్నా అనండి. ఈ పొద్దు మాత్రం చూడనియ్యండి."

ఆదెమ్మ మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"మా అమ్మ పోయిన్నాడు ఈయన కన్ను తడవలా" అంది అందరికీ వినబడేట్టు. "ఎవురి బిడ్డకో మూడేండ్లుగా కుమిలిపోతన్నాడంట. వెయ్యి నాయనా వరప్రసాదం, మిగతాది వెయ్యి. ఆ పిల్ల దొరికితే గాని ఈ మనిషి ఇంటికి రాడు."

నవ్వులతో డేరా గుడ్డ ఊగింది. దీపాలు ఆరాయి. తల్లి పరుగు అందుకుంది.

ఆ తరవాత నవ్వినవాళ్లు లేరు. ఒక్కొక్కరూ కొంగు తీశారు. గిద్యోను ముక్కు చీదిన చప్పుడు మిషన్ చప్పుణ్ణి మించింది. చివరికి తల్లీ కూతురూ ఎదురుపడే చోట ఆదెమ్మ కర్పూరం వెలిగించి, తెర ముందు రాతి మీద కొబ్బరికాయ కొట్టేసింది. తెచ్చిన కాయ వెనక్కి ఎందుకు తీసుకుపోవాలని మిగతావాళ్లూ కొట్టారు.

ఇంటికి నడుస్తుంటే ఎర్రయ్య వెనకబడ్డాడు. కండ్లు వాచిపోయాయి.

"ఆదెమ్మా" అన్నాడు మెల్లగా. "లాస్టులో తల్లి పిల్లని గుర్తుపట్టిందా, పిల్లే ముందు గుర్తుపట్టిందా?"

"ఏం, నువ్వు చూళ్లేదా?"

"టవలు మొకానికి అడ్డం ఉండె."

ఆదెమ్మ ఆగి, కొబ్బరి చిప్పలో ముక్క విరిచి నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలింది.

"చెప్పను. వచ్చేవారం దేవుడి బొమ్మ తెప్పిస్తే అప్పుడు చెప్తా. చక్రం ఈసారి సరిగ్గా గీయి."