లైన్ లేని పాసు, పారిపోలేని అల్లుడు

శంషాబాద్‌లో విమానాశ్రయం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లనిచ్చేవాళ్ళు అబ్బాయి ఏం చదివాడని అడిగేవాళ్ళు కాదు. "ఎయిర్‌పోర్ట్‌లనేనా?" అని మాత్రం అడిగేవాళ్ళు. ఔనంటే చాలు, మిగతాదంతా వాళ్ళే ఊహించుకునేవాళ్ళు. నేను చేసే పని సరుకుల గోదాములో. మందుల డబ్బాలు కాటా మీద పెట్టి తూకం చూడటం, చీటీ అంటించడం, పక్కకు తోయడం. విమానాన్ని ఎప్పుడు చూసినా దాని పొట్ట కిందినుంచే చూశాను. (ఇప్పటికీ ఎవరైనా విమానం బొమ్మ గీయమంటే ఒక పొట్టా, కొన్ని చక్రాలూ గీస్తాను.) కానీ హిమాయత్ సాగర్ అవతల ఉన్న మా అత్తగారి ఊళ్ళో సాయంత్రం పూట నెత్తి మీదుగా విమానం పోతే మా మామ చేలో పని ఆపి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, "మా అల్లుడు పంపిండు" అని పక్క చేనువాళ్ళకు చూపించేవాడట. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఈ సంగతి చెప్తే నవ్వాను గానీ, సరిదిద్దలేదు. పుణ్యానికి వచ్చిన గౌరవాన్ని వద్దనడానికి చాలా ధైర్యం కావాలి. అది నా దగ్గర ఎన్నడూ లేదు.

ధైర్యం మాట ఎలాగూ వచ్చింది కాబట్టి అసలు సంగతి చెప్పేస్తాను. నాకు ఎత్తంటే భయం. డాబా మీద ఆరేసిన బట్టలు తేవాలన్నా పిట్టగోడ వైపు చూడకుండా పోయి, చూడకుండా వచ్చేవాణ్ణి. కిరాయి గదిలో బల్బు పోతే పక్కింటాయన వచ్చి మార్చేదాకా చీకట్లోనే కూర్చునేవాణ్ణి. ఈ విషయం మా ఆవిడకు కూడా అప్పటికింకా తెలియదు. కొత్త కాపురం కదా, అప్పటికి మా గదిలో బల్బు ఇంకా పోలేదు.

మా వైపు కొత్తల్లుడికి తొలి దసరా అంటే ఆషామాషీ కాదు. అల్లుడు కూర్చునేదాకా ఇంట్లో ఎవరూ కూర్చోరు, అల్లుడు మొదటి ముద్ద తినేదాకా ఎవరూ విస్తరి ముట్టరు. ఇంకో రివాజు కూడా ఉంది, అల్లుడు అలగడం. భోజనానికి పిలిస్తే అల్లుడు "నాకొద్దు" అన్నాడంటే ఆకలి లేదని కాదు, ఏదో కావాలని అర్థం. అప్పుడు ఇంటి పెద్ద వచ్చి, ఫలానాది పెడతానని మాటిచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి పీట మీద కూర్చోబెట్టాలి. నేను అలగలేదు. పెట్టిందంతా తిని, మళ్ళీ పెడితే మళ్ళీ తిని మంచి పేరు తెచ్చుకున్నాను. మా బామ్మర్దికి మాత్రం ఇందులో ఏదో వెలితి కనిపించినట్టుంది. "ఏంది బావా, జర అలుగరాదు? ఊళ్ళె అందరడుగుతున్నరు, మీ బావ ఏమడిగిండని" అని చెవిలో గొణిగాడు. నేను నవ్వి, ఇంకో గారె అడిగాను.

పండగ మర్నాడు అందరం ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ఆటల పార్కుకు బయల్దేరాం. (పేరెందుకులెండి, ఆ పార్కు తప్పేమీ లేదు.) మా బామ్మర్ది ట్రాలీ ఆటోలో ఆ పార్కు క్యాంటీనుకు నీళ్ళ క్యాన్లు వేసేవాడు. నేను మాత్రం నిశ్చింతగానే బయల్దేరాను. ఎందుకంటే ఎత్తంటే భయపడేవాడికి లైను దేవుడిచ్చిన వరం. పండగ సెలవుల్లో పార్కంటే చీమల పుట్ట. ఒక లైన్లో నిలబడితే మధ్యాహ్నమవుతుంది, అన్నం తిని ఇంకో లైన్లో నిలబడితే సాయంత్రమవుతుంది, "అయ్యో, టైం అయిపోయిందే" అని అందరికన్నా ఎక్కువ బాధపడి ఇంటికి రావచ్చు. ఎన్ని జాతరల్లో, ఎన్ని ఎగ్జిబిషన్లలో ఆ లైను నన్ను కాపాడిందో!

గేటు దాటగానే మా బామ్మర్ది జేబులోంచి రెండు పసుపు పచ్చని పట్టీలు తీశాడు. ఒకటి నా చేతికి, పెళ్ళిలో కంకణం కట్టినంత శ్రద్ధగా కట్టాడు.

"ఇదేంది?" అన్నాను.

"పాసు బావా. గుళ్ళె స్పెషల్ దర్శనం ఉంటది సూడు, గట్ల. ఇది చేతికుంటే లైన్ల నిలవడేది లేదు, సీదా పోయి ఎక్కుడే. క్యాంటీనాయన్ని బతిలాడి తెచ్చిన. ఉన్నయే రెండు. ఒకటి నీకు, ఒకటి నీ పక్కన కూసునేటోళ్ళకు. ఎన్నిసార్లన్న ఎక్కొచ్చు!"

"నాకెందుకు, అందరితోపాటు నేనూ లైన్లో..."

"కొత్తల్లుడు లైన్ల నిలవడుతడా?" అని మా మామ నొచ్చుకున్నాడు. "నలుగురు సూస్తే నా మొకం మీద ఉమ్మరా?"

ఇక చెప్పేదేముంది. రెండో పట్టీ తన చేతికే కట్టుకుని మా బామ్మర్ది నన్ను మొదట కొలంబస్ పడవ ఎక్కించాడు. లైన్లో నిలబడ్డ జనం నన్ను చూసి కుళ్ళుకున్నారు, నేను వాళ్ళను చూసి కుళ్ళుకున్నాను. ఆ పడవ ముందుకూ వెనక్కూ ఊగుతుంటే నిన్నటి దసరా అంతా నాలో ముందుకూ వెనక్కూ ఊగింది. దిగాక ఒక స్తంభాన్ని వాటేసుకుని, "బాగుంది" అన్నాను. "అనలే నేను? విమానాలు పంపేటోడు, బావకిది ఒక లెక్కనా!" అని మా బామ్మర్ది అందర్నీ రోలర్ కోస్టర్ దగ్గరికి నడిపించాడు.

దాన్ని కింది నుంచి చూశాను. పైన పట్టాలు, పట్టాల మీద పెట్టెలు, పెట్టెల్లో తలకిందులుగా మనుషులు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఎంత లాగినా కదల్లేదు. నా నోట్లోంచి రెండే ముక్కలు వచ్చాయి.

"నాకొద్దు."

అందరూ ఒక్కసారి ఆగిపోయారు. మా బామ్మర్ది మొహం మాత్రం మతాబులా వెలిగింది. "బాపూ! బావ అలిగిండు!"

అక్కడొక పెద్ద ఎలుగుబంటి బొమ్మ ఉంది, పిల్లలు ఫోటోలు దిగడానికి పెట్టింది. మా అత్త పాతకాలపు మనిషి, అల్లుడి ఎదుటికి రాదు, ఇంట్లో తలుపు చాటునుంచే మాట్లాడేది. పార్కులో తలుపెక్కడిది, పాపం పొద్దున్నుంచీ ఆ బొమ్మ చాటున, ఈ బొమ్మ చాటున నడుస్తోంది. ఇప్పుడు ఎలుగుబంటి వెనక నుంచి ఆమె గొంతు వినపడింది. "ఏం తక్కువ చేసినం బిడ్డా? మనసుల ఉన్నది చెప్పుండ్రి." చూసేవాళ్ళకు ఎలుగుబంటే నన్ను బుజ్జగిస్తున్నట్టుంది.

"ఏమీ వద్దత్తమ్మా, నాకు భయం" అన్నాను. ఉన్నమాటే అన్నాను. ఎవరూ నమ్మలేదు. "విమానాల కాడ పనిచేసేటోనికి భయమా! అడగనీకి మొగమాటపడుతున్నడు" అన్నాడు మా మామ. ఒక్క నిమిషం ఆలోచించి, "ఉంగరం పెడ్త అల్లుడా" అన్నాడు. నేను వద్దని తల అడ్డంగా ఊపాను. "ఉంగరం చాలదన్నట్టు బాపూ" అన్నాడు బామ్మర్ది. (వాణ్ణి అప్పుడు ఆ కొలంబస్‌కు కట్టేసి ఊపాలనిపించింది.) మామ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "సరే. దీపావళి తెల్లారి మోటార్ సైకిల్ ఇంటిముందర ఉంటది. ఇగ రాండ్రి."

నేను రెండు చేతులూ ఊపుతూ వద్దు వద్దంటుంటే మా ఆవిడ నన్ను పక్కకు లాగింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. "బండి మీద గంత మనసుంటే నాకు చెప్పొద్దా? మా బాపును గిట్ల నలుగుర్ల నిలవెట్టి అడుగుతరా?" అంది. అటు చూస్తే మామ తన కొడుకు భుజం మీద చెయ్యేసి మెల్లగా చెప్తున్నాడు. "బాయికాడి మడి కొంటమని అడుగుతున్నరు గదా. ఇచ్చేద్దాం తియ్యి. మాటిచ్చినంక తప్పుతదా?"

ఆ మడి సంగతి నాకు తెలుసు. వాళ్ళ భూమి చాలావరకు రోడ్డు కిందికి పోయాక మిగిలింది ఆ ఒక్క మడే. మామ పొద్దున లేవగానే పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని ముందు అక్కడికే పోయేవాడు. నేను కింద నిలబడితే ఆ మడి పోతుంది. మా ఆవిడ దృష్టిలో నేను కట్నాల పిశాచిగా మిగిలిపోతాను. పైకి ఎక్కితే పోయేది నా ప్రాణమొక్కటే. జన్మలో మొదటిసారి లెక్క తేలిగ్గా తేలింది. "ఎక్కుతా" అన్నాను.

మామ, బామ్మర్ది చేతి పట్టీ విప్పించి తన చేతికి కట్టించుకున్నాడు. అలిగిన అల్లుణ్ణి ఇంటి పెద్దే చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి మరి. అలాగే నా చెయ్యి పట్టుకుని, పొడుగాటి లైను పక్కనుంచి నడిపించి, పీట మీద కూర్చోబెట్టినట్టు ముందు సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చున్నాడు. తెల్ల ధోతి కాళ్ళ సందున దోపుకుని, తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

గొలుసు కిరకిరమంటూ మమ్మల్ని పైకి లాగింది. నేను కళ్ళు మూసుకున్నాను. "అల్లుడా, అగ్గో, మన చెరువు! ఎంత మంచిగ కనవడుతుందో సూడుండ్రి!" అంటున్నాడు మామ, ఎడ్లబండి మీద కూర్చున్నంత నిమ్మళంగా. శిఖరాన ఒక్క క్షణం ఆగింది. తర్వాత భూమి నా కిందినుంచి తప్పుకుంది. అప్పుడు నా కడుపులో ఉన్నదంతా మాటల రూపంలో బయటికొచ్చింది.

"మామా! నేను అలగలే! నాకు బండొద్దు! ఉంగరమొద్దు! నాకు భయం మామా, సచ్చేంత భయం! గోదాముల డబ్బాలు తూస్త మామా, విమానం ఎన్నడు ఎక్కలే! మడి అమ్మకు మామా!"

అందరూ అరుస్తున్నారు కాబట్టి కింద ఉన్నవాళ్ళకు అన్ని కేకలూ ఒకటే. విన్నది మామ ఒక్కడే. గట్టి చెయ్యి ఒకటి వచ్చి నా చేతిమీద పడి, పెట్టె ఆగేదాకా తియ్యలేదు. వయసులో ఉన్నప్పుడు తాడుకు కట్టిన బుట్టలో కూర్చుని, అడుగు కనపడని బావుల్లోకి దిగి పూడిక తీసిన చెయ్యి అది. కొంచెం కూడా వణకలేదు.

దిగాక నేను నిలబడగలనా లేదా అని తేల్చుకునేలోపే మామ మెట్ల దగ్గర చతికిలపడి తల పట్టుకున్నాడు. "నాతోని కాదే... కండ్లు తిరుగుతున్నయి" అని మూలిగాడు. మా అత్త ఎలుగుబంటినీ రివాజునూ వదిలేసి పరుగున వచ్చి కొంగుతో విసరడం మొదలుపెట్టింది. (మా అత్త మొహం తిన్నగా చూడటం నాకు అదే మొదటిసారి. అచ్చం మా ఆవిడ మొహమే.) నా మొహం ఏ రంగులో ఉందో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

"అల్లుడు అలగలే, ఏం లే" అన్నాడు మామ, మూలుగు మధ్యలో. "నాకు భయమైతదని ఆయన ముందే కనిపెట్టిండు. గందుకే వద్దన్నడు. పెద్దమనిషిని పరేషాన్ చేసుడెందుకని. మనమే సమజ్ చేసుకోలే. బండొద్దట, ఏమొద్దట. పైన నాతోని ఒట్టేసి చెప్పిండు."

మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అంత గొప్ప చూపుకు నేనేం చేశానో నాకు తెలియదు గానీ, దాని మీద ఇన్నేళ్ళు కాపురం నెట్టుకొచ్చాను.

ఆ తర్వాత పట్టీలు రెండూ మామే విప్పించి తల్లీకూతుళ్ళకు కట్టించాడు. "నేను లేవలేను, నాకు తోడుగ అల్లుడు ఉంటడు, మీరు పోండ్రి" అన్నాడు. మా అత్త నెత్తినిండా కొంగు కప్పుకుని కొలంబస్ ఎక్కింది. ఇక దిగనంటే దిగనంది. మేమిద్దరం సంచులకూ చెప్పులకూ కాపలాగా నీడలో కూర్చున్నాం. కాసేపటికి నేను ధైర్యం చేసి, "మామా, మీకు నిజంగనే కండ్లు తిరిగినయా?" అన్నాను. ఆయన టిఫిన్ డబ్బా మూత తీసి నా ముందుకు జరిపాడు. "గారెలు తినుండ్రి. కడుపుల ఏం లేకుంటే భయం ఇంకింత కొడ్తది" అన్నాడు. ఆ సంగతి మా మధ్య మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఊళ్ళో మాత్రం ఆగలేదు. అల్లుడు ఆకాశంలోకి తీసుకుపోతే మామ కళ్ళు తిరిగి పడ్డాడట అని పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఇప్పటికీ ఏడిపిస్తూనే ఉంటారు. ఆయన వయసువాళ్ళు, ఆయనతో బావుల్లోకి దిగినవాళ్ళు కూడా. "ఔ మరి, భయమైంది. గదేం ఎత్తురా నాయనా" అని రెండు చేతులూ ఎత్తి నవ్వేస్తాడు. ఆ నవ్వులో ఒక్కసారైనా నా వైపు చూసి కన్ను గీటలేదు. ఆయనకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఆయనకూ నాకూ తెలుసు. మా ఇళ్ళల్లో మామకు థాంక్స్ చెప్పే అలవాటు లేదు. చెప్పబోతే ఏదో అడుగుతున్నాననుకుంటారు, మళ్ళీ మడి దాకా పోతుంది.

మా అమ్మాయి ఇప్పుడు బడికి పోతోంది. ఎప్పటికో, ఇంకా చాలా ఏళ్ళకు, ఎవరో ఒక కుర్రాడు కొత్త బట్టల్లో బిగుసుకుపోయి మా గడప తొక్కుతాడు. అతనికి దేనికి భయమో నాకు తెలియదు. కుక్కలకో, నీళ్ళకో, నలుగుర్లో మాట్లాడటానికో. ఏదైనా సరే, అతని మొహంలో రంగు మారడం కనిపిస్తే చాలు, అతని కన్నా ముందు నేనే చతికిలపడాలి. ఎత్తు సంగతైతే నాకు నటించే పని కూడా ఉండదు.