అంబా మేడమ్ నడుము నొప్పి

మొన్న ఆఫీసులో పక్క సీటు అమ్మాయి సీసా మూత తీయగానే మెంతులు నానిన నీళ్ళ వాసన గుప్పున వచ్చింది. "బరువు తగ్గడానికి దీదీ, పరగడుపున తాగాలట, ఇవాళ లేటయింది" అని నవ్వింది. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. మెంతులు నాకేం చెడు చేయలేదు. ఆ వాసన తగిలితే భ్రమరాంబ మేడమ్ గుర్తొస్తారు, వెంటనే ఒళ్ళు మండుకొస్తుంది. ఆవిడ పోయి రెండేళ్ళు దాటినా ఆ మంట వీసమెత్తు తగ్గలేదు.

నోయిడాలో బట్టలు ఎగుమతి చేసే కంపెనీలో నా మొదటి ఉద్యోగం. అకౌంట్స్ విభాగానికి ఆవిడ పెద్ద. కాకినాడ మనిషి. పెళ్ళయి ఢిల్లీ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, భర్త పోయాక ఇందిరాపురంలో కొడుకూ కోడలితో ఉండేవారు. భ్రమరాంబ అనడానికి ఇక్కడివాళ్ళకు నోరు తిరగదు, అందుకని అంబా మేడమ్‌ను చేసేశారు. భారీ మనిషి. ఆవిడ లిఫ్టులోకి వస్తే వెనక కుర్రాళ్ళు ముఖాలు చూసుకుని ముసిముసిగా నవ్వుకునేవారు. ఒకరోజు ఆవిడ తిరిగి చూసి, "క్యా భయ్యా, మీ వాటా చోటు కూడా నేనే తీసుకున్నానా? మెట్లున్నాయి, మీవి కుర్రకాళ్ళు" అన్నారు నవ్వుతూనే. వాళ్ళు దిగి మెట్లెక్కి వెళ్ళారు.

నాకేమో మీటింగుల్లో నోరు పెగిలేది కాదు. సూర్యాపేట నుంచి కొత్తగా వచ్చినదాన్ని, నా హిందీ విని నవ్వుతారని భయం. కుర్చీ అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చునేదాన్ని.

"ఏంటే పిల్లా ఆ కూర్చోడం, ఎవరో జాలిపడి చోటిచ్చినట్టు? నిండా కూర్చో. నన్ను చూడు, నాకైతే వేరే దారే లేదు" అన్నారు మేడమ్.

"నేను మాట్లాడితే నవ్వుతరు మేడమ్."

"నవ్వనీ. నవ్వడం అయ్యాక మళ్ళీ అదే మాట చెప్పు. రెండోసారి ఎవడూ నవ్వడు."

తర్వాతి మీటింగులో సరిగ్గా అలాగే జరిగింది. ఈ రోజు నలుగురి ముందు నోరు విప్పి మాట్లాడగలుగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

అరవైకి దగ్గరపడుతుండగా మేడమ్‌కు షుగర్ బయటపడింది. బరువు తగ్గమన్నాడు డాక్టరు. అది తప్పుడు మాటేం కాదు. ఏం తిని, ఎలా తగ్గాలో చెప్పకపోవడమే తప్పు. ఆ ఖాళీని ఊళ్ళోవాళ్ళందరూ నింపారు. ఉచిత సలహాలకు ఢిల్లీలో కరువా! అన్నం మానేశారు. పాలు, పెరుగు, పప్పు కూడా మానేశారు. పొద్దున మెంతినీళ్ళు, రాత్రికి ఉడికించిన సొరకాయ ముక్కలు. పెరుగన్నం లేనిదే భోజనం అయినట్టుండదనే మనిషి, మేం డబ్బాలు విప్పే వేళకు ఏదో పనుందని లేచి వెళ్ళిపోయేవారు. ఏడాది తిరక్కుండా సగం మనిషయ్యారు. ఆఫీసులో చప్పట్లే చప్పట్లు. బరువు తగ్గినందుకు కేకు కోయించారు! ఆవిడ కోశారు, అందరూ తిన్నారు. ఆవిడ మాత్రం వేలికంటిన క్రీము కాగితానికి తుడుచుకుని కూర్చున్నారు.

నడుము నొప్పి అప్పుడే మొదలైంది. కింది సొరుగులోంచి ఫైళ్ళ కట్ట తీస్తుంటే నడుములో కటుక్కుమన్నదట. దానితోనే తిరిగేవారు. ఆ రోజుల్లోనే ఒకసారి, "చూశావా, లంగాలన్నీ నేల తుడుస్తున్నాయి. నేను సన్నబడ్డాక కిందికి జారుతున్నాయి కాబోలు, టైలర్‌కిచ్చి పొట్టి చేయించాను" అని మురిసిపోయారు. సన్నబడితే బొందు బిగిస్తే సరిపోతుంది. పొడవు తగ్గించాల్సి వచ్చిందంటే వెన్ను కుంగి మనిషే పొట్టి అవుతోందని అర్థం. అది ఆవిడకూ తట్టలేదు, మాకెవరికీ తట్టలేదు.

నొప్పి ఎక్కువైతే వసంత్ కుంజ్‌లో ఒక పేరున్న డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్ళాను. గదిలో అడుగు పెట్టగానే కాటా ఎక్కమన్నాడు. తగ్గింది చాలదు, ఇంకా చాలా తగ్గాలన్నాడు.

"నడుములో ఏదో విరిగినట్టుంది సార్, చప్పుడు కూడా వినిపించింది" అన్నారు మేడమ్.

ఆయన నవ్వాడు. "ఇంత బరువు మోసిన ఎముకలు గట్టిపడి ఉంటాయి. మీకు విరగడమేమిటి? ఇది కదలకపోవడం వల్ల వచ్చిన నొప్పి. ఇంకా నడవండి" అన్నాడు. లేచి వచ్చి నడుము మీద చేయి వేసి చూసిన పాపాన పోలేదు. మేడమ్ తల వంచుకుని "ఠీక్ హై సార్" అన్నారు. ఆవిడ అంతటితో ఊరుకున్నారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

"మళ్ళొకసారి చెప్పకపోయిన్రేంది మేడమ్?" అన్నాను బయటికొచ్చాక.

"కాటా ఎక్కి దిగాక నోరు లేవదే పిల్లా. తప్పంతా నాదే అనిపిస్తుంది."

లిఫ్టులో కుర్రాళ్ళ నోళ్ళు మూయించిన మనిషి అన్న మాట అది. నవ్వినవాళ్ళందరికీ ఆవిడ ఎదురు జవాబు చెప్పారు గానీ, ఆ నవ్వులన్నీ లోపలికి దిగుతూనే ఉన్నాయని అప్పుడే తెలిసింది నాకు.

డాక్టరు చెప్పాడని ఇంకా నడిచారు. పళ్ళ బిగువున నడిచారు. "మమ్మీ, థోడా ఔర్ కమ్ కర్ లో, సబ్ ఠీక్ హో జాయేగా" అనేవాడు కొడుకు, ఇంకొంచెం తగ్గితే అంతా బాగైపోతుందని. ఆ చలికాలం పార్కు గేటు దగ్గర గట్టు దిగుతూ కూలబడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రేలు చూసి, వెన్నుపూసలు కూడా నలిగిపోయి ఉన్నాయనీ, అవి ఇవాల్టివి కావనీ చెప్పింది. లావుగా ఉన్నంత మాత్రాన ఎముక గట్టిదని కాదట. షుగర్ ఉన్నవాళ్ళకు పైకి బాగానే కనిపించి లోపల పెళుసుగా ఉండొచ్చట. ఈ వయసులో కడుపు మాడ్చుకుని తగ్గితే కొవ్వుతో పాటు కండా, ఎముకా కూడా పోతాయట.

"ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదా?" అని అడిగింది. కొడుకు వైపు చూసే అడిగింది.

మంచం మీద నుంచి మేడమే జవాబు చెప్పారు. "చూడకేం తల్లీ, అందరూ చూశారు. కాటా చూశారు."

ఆపరేషన్ తర్వాత ఆవిడ మళ్ళీ లేచి తిరగలేదు. మంచాన పడి, నెమ్ము చేసి పోయారు. పలకరింపుకు వెళ్ళినప్పుడు మా ఆఫీసు ఆవిడే ఒకామె, "పాపం, చివర్లో ఎంత బాగా సన్నబడ్డారో" అంది. చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. ఇంకాసేపుంటే ఆమె చెంప పగలగొట్టేదాన్ని.

మొన్న వేసవిలో మా అమ్మ నా దగ్గరికి వచ్చింది. అమ్మదీ భారీ ఒళ్ళే. వీపు నొప్పంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కూడా ముందుగా మూలనున్న కాటా వైపే వేలు చూపించాడు. లేవబోయిన అమ్మను భుజం పట్టి కూర్చోబెట్టాను. ముందు నొప్పి ఎక్కడో చేయి వేసి చూడండి, బరువు సంగతి తర్వాత, అన్నాను. ఆయన ముఖం చిట్లించాడు.

అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "ఊకో బిడ్డా, సారుకు తెల్వదా?"

"తెల్వదమ్మా. చూస్తేనే తెలుస్తది."

ఆయనకు తెలుగు రాదు, నా గొంతు మాత్రం అర్థమైనట్టుంది. లేచి వచ్చి అమ్మ వీపు మీద చేయి వేసి, పై నుంచి కింది దాకా నొక్కి చూశాడు. ఏమీ విరగలేదన్నాడు. అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. నాకు మాత్రం ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన అలా చూడటానికి ఎంతసేపు పట్టిందని? మనిషి కాటా ఎక్కి దిగేంతసేపు.