పుర్రచేతి కుర్రాడు

మొన్న పొద్దున మా ఇంటి దగ్గర సెంబవాంగ్‌లో రైలెక్కేసరికి కూర్చోవడానికి చోటు దొరికింది. అంత అదృష్టం నాకు అరుదు కాబట్టి మా ఆఫీసుండే రాఫెల్స్ ప్లేస్ దాకా హాయిగా కళ్ళు మూసుకుందామనుకున్నాను. నా నెత్తిమీద నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు మూసుకోనివ్వలేదు. మెడలో ఆఫీసు కార్డులు, చేతుల్లో ఫోన్లు. అమెరికాలో ఏదో బేస్‌బాల్ జట్టు తన కింది జట్టులో తయారవుతున్న ముగ్గురు పిల్లల్ని ఇచ్చేసి, బదులుగా ఒక పేరున్న ఆటగాణ్ణి తెచ్చుకుందట. మంచి పని చేసిందని ఒకడు, కొంప ముంచుకుందని ఇంకొకడు. "ఆ పిల్లలంతా లాటరీ టికెట్లే లా! ఒక్కడు పైకొస్తే గొప్ప," అన్నాడు మొదటివాడు, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి. అంతే, నా నోరు నా మాట వినలేదు. "లాటరీ టికెట్లు కాదు నాయనా, నారు!" అనేశాను, అదీ తెలుగులో. వాళ్ళిద్దరూ నా కాలు తొక్కారేమోననుకుని "సారీ ఆంటీ" అంటూ వెనక్కి జరిగారు.

బ్యాంకులో కంప్యూటర్ల పని చేసుకునే దాన్ని, చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ తప్ప ఇంకో ఆట ఎరగని దాన్ని, నాకెందుకు చెప్పండి బేస్‌బాల్ గొడవ? ఆ మాట నాది కాదు. మా అత్తగారిది.

మామగారు పోయిన ఏడాదే మా వారు ఆవిణ్ణి తెనాలి పక్క పల్లె నుంచి ఈ దేశంకాని దేశానికి మా దగ్గరికి తీసుకొచ్చారు. అక్కడ ఆవిడ దుక్కి దగ్గర్నుంచి కుప్పనూర్పిడి దాకా దగ్గరుండి వ్యవసాయం చేయించిన మనిషి. ఇక్కడ తొమ్మిదో అంతస్తులో మూడు గదుల ఫ్లాట్. మేమిద్దరం ఆఫీసులకీ, మా అమ్మాయి బడికీ వెళ్ళిపోతే, నలుగురి వంట ఆవిడకి ఒక లెక్కలోది కాదు. ఆదివారం మనవాళ్ళ కొట్లుండే లిటిల్ ఇండియాలో దొండకాయలు ముదిరాయని కొట్టువాడితో పోట్లాడేటప్పుడు మాత్రం మొహం కళకళలాడేది. ఇంటికి రాగానే మళ్ళీ మామూలే. "కిటికీలోంచి మనుషుల్ని చూట్టం తప్ప నాకేం పనుందే అమ్మాయ్? వాళ్ళకా, తలెత్తి చూసే తీరిక కూడా లేదాయె," అనేది.

మా ఎదురు ఫ్లాట్‌లో ఒక చైనీస్ పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. ఓడల యార్డులో వెల్డింగ్ పని చేసి రిటైరయ్యాడు. ఆయన పడుచుదనంలో అమెరికా ఓడలు రిపేరుకి ఇక్కడికి వచ్చేవట. వాటిలో వచ్చిన నావికులు ఓ సాయంత్రం మైదానంలో ఆడుకుంటూ, మనిషి తక్కువై, గోడ మీద కూర్చున్న ఈయన్ని పిలిచారట. ఆ పిలుపు ఆయన జీవితాంతం సరిపోయింది. ఆ నావికుల ఊరి జట్టే ఈయన జట్టు అయింది. పాపం, దానికి ఓడిపోవడం ఒక అలవాటు. అక్కడ రాత్రి ఆడే ఆట మనకి పొద్దున కాఫీ వేళ వస్తుంది కాబట్టి, రోజూ తెల్లారగానే ఇనుప గ్రిల్ దగ్గరగా వేసి, తలుపు తెరిచి పెట్టుకుని టీవీ ముందు కూర్చునేవాడు. జట్టు ఓడినప్పుడల్లా "నెక్స్ట్ ఇయర్!" అని గట్టిగా అనుకుని గిన్నెలు కడుక్కునేవాడు.

జూన్ సెలవుల్లో ఒక శనివారం, మా అత్తగారు పెసరట్లు వేస్తుండగా ఎదురింట్లోంచి పెద్ద కేక వినబడింది. పెద్దాయన పడిపోయాడనుకుని ఆవిడ అట్లకాడతో సహా పరిగెత్తింది. వెనకే నేనూ, మా అమ్మాయీ. ఆయన పడిపోలేదు. టీవీకేసి రెండు చేతులూ చాచి వేడుకుంటున్నాడు. అది పెద్ద జట్టు ఆట కూడా కాదు, కుర్రాళ్ళని తయారుచేసే కింది జట్టుది. వెదురు బొంగులా సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక అబ్బాయి బంతి విసురుతున్నాడు. బంతి పిడుగులా పోతోంది గానీ, పోవలసిన చోటికి తప్ప అన్ని చోట్లకీ పోతోంది. ఆ ఆటలో నాలుగు బంతులు అలా దారి తప్పితే, కొట్టేవాడు బ్యాటు పారేసి ఉత్తపుణ్యానికి ముందుకు నడిచిపోతాడు. అలా ఒకడి తర్వాత ఒకడు నడిచిపోతున్నారు. మా అత్తగారు అదేమీ చూడలేదు.

"ఏమే అమ్మాయ్, వీడు పుర్రచేత్తో విసురుతున్నాడేంటి? ఎవరూ ఏమీ అనరా?" అంది.

నేను అడిగి చెప్పాను. పెద్దాయన ఆశ్చర్యపోయాడు. "ఎందుకంటారు ఆంటీ? లెఫ్ట్ హ్యాండ్ వెరీ గుడ్. అలాంటివాడు ప్రతి టీముకీ కావాలి."

ఆవిడ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని, అక్కడే కుర్చీలో కూర్చుంది. పొయ్యి మీద పెసరట్టు మాడిపోయింది.

ఆవిడది పుట్టుకతో పుర్రచేతి వాటమని, కోడలినై అన్నేళ్ళయినా నాకు ఆ రోజే తెలిసింది. చిన్నప్పుడు ఎడంచెయ్యి ముందుకొస్తే వాళ్ళ నాయనమ్మ గుడ్డ చుట్టి నడుముకి కట్టేసేదట. ఆ చేత్తో ముగ్గు వేస్తే చెరిపించేదట, నీళ్ళిస్తే పారబోయించేదట. అలా కుడిచేతి మనిషిని చేసి పెళ్ళి చేసి పంపారు. "మామిడికాయలు మాత్రం ఎవరూ చూడకుండా పుర్రచేత్తోనే కొట్టేదాన్ని. నా గురి తప్పేది కాదు," అంది, నవ్వుతూనే.

ఆ మర్నాటి నుంచి ఆవిడకి పొద్దున్నే పని దొరికింది. పెద్దాయనకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు. మధ్యలో మా అమ్మాయి. ఆయన ఈవిణ్ణి "ఆంటీ" అంటే, "నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నేను ఆంటీనెట్లా అవుతానే?" అని గొణుక్కుంటూ తను ఆయన్ని "అన్నయ్యగారూ" అనేది. ఆ మాటకి తెలుగులో 'పొరుగువాడు' అని అర్థమనుకుని, లిఫ్ట్‌లో మా వారిని కూడా ఆయన "గుడ్ మార్నింగ్ అన్నయ్యగారూ" అని పలకరించేవాడు. ఆదివారాలు కింద కాఫీషాపులో ఆయన పాత స్నేహితులిద్దరు చేరేవాళ్ళు. మా అత్తగారు ముందే దిగి, బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు పట్టేది. ఎవర్ని అట్టే పెట్టుకోవాలి, ఎవర్ని వదిలించుకోవాలి అని నలుగురూ గంటల తరబడి చర్చ. ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఆవిడ 'కుండమార్పిడి' అనేది. కింది జట్టు 'నారుమడి'. సెలవుల్లో పొద్దుటి ఆటల దగ్గర మా అమ్మాయి ఈ మాటలకి ఇంగ్లీషు వెతుక్కోలేక నాకు ఆఫీసుకి ఫోన్ చేసేది. కుండమార్పిడి అంటే పాట్ ఎక్స్‌ఛేంజా అని అడిగితే మీటింగులోంచి బయటికొచ్చి వివరించాల్సి వచ్చింది, ఒకింటికి మన పిల్లని ఇచ్చి ఆ ఇంటి పిల్లనే తెచ్చుకోవడమని.

పుర్రచేతి కుర్రాడి మీద పెద్దాయనకి పెద్ద నమ్మకం లేదు. "నో కంట్రోల్, ఆంటీ," అనేవాడు. "అదుపు రేపు వస్తుంది, ఆ జోరు ఎవరిస్తే వస్తుంది?" అని ఈవిడ. ఏడాది తిరిగేసరికి నిజంగానే వాడి బంతులు కాస్త దారిన పడ్డాయి. వాడు పెద్ద జట్టులోకి వచ్చే రోజు కోసం ఆవిడ వేయికళ్ళతో ఎదురుచూస్తోంది.

సరిగ్గా అప్పుడే, ఎన్నడూ లేనిది, పెద్దాయన జట్టు గెలవడం మొదలుపెట్టింది. జులై ఆఖర్లో జట్టువాళ్ళు కుండమార్పిడి చేశారు. ఒక పెద్ద పేరున్న, వయసు మీరిన బ్యాట్స్‌మన్‌ని తెచ్చుకుని, బదులుగా ఇద్దరు పిల్లల్ని ఇచ్చేశారు. ఒకడు మన పుర్రచేతి కుర్రాడు. ఆదివారం కాఫీషాపులో ఈ వార్త చెప్పేటప్పుడు పెద్దాయన కళ్ళు మెరుస్తున్నాయి. మా అత్తగారి మొహం మాడిపోయింది.

"నేను ముసలివాణ్ణయిపోయాను ఆంటీ," అన్నాడాయన. "నెక్స్ట్ ఇయర్, నెక్స్ట్ ఇయర్ అంటూనే నా జుట్టు పోయింది. ఈ ఒక్క ఏడాది గెలవనీ."

"ముసలివాళ్ళమైతే నారుమడి అమ్ముకుంటామా అన్నయ్యగారూ? వెనక వచ్చేవాళ్ళు ఏం తింటారు?" అంది ఆవిడ, గొంతు పెంచి.

మా అమ్మాయి ఆదివారం ఉత్సాహంలో దాన్ని చాలా క్లుప్తం చేసింది. "నానమ్మ సేస్, యూ ఓల్డ్, సో యూ సోల్డ్ ద బేబీ ప్లాంట్స్." పెద్దాయన తాగుతున్న కాఫీ అక్కడ పెట్టి, జట్టు టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎదురింటి తలుపు మూసి ఉంది. ఆ తర్వాతా అంతే. మా ఇంట్లోంచి పచ్చడి అటు వెళ్ళడం, అటునుంచి పళ్ళు ఇటు రావడం ఆగిపోయాయి. మా అత్తగారు మనవరాలి చేత కుర్రాడు వెళ్ళిన కొత్త జట్టు వారి కింది జట్టు ఆటలు ల్యాప్‌టాప్‌లో పెట్టించుకుంది. "పిల్లాణ్ణి ఏ ఇంటికి పంపితే ఆ ఇల్లే మనది," అని పట్టుబట్టింది. పొద్దున్నే వరండాకి ఆ పక్కన ఒక ఆట, ఈ పక్కన ఒక ఆట. మధ్యలో చెప్పులేసుకుంటూ మా వారు, "ఊళ్ళో గట్టు తగాదాలే నయమే," అని నిట్టూర్చారు. ఆవిడ మళ్ళీ కిటికీ దగ్గరికి చేరుతోందేమోనని నాకు లోపల బెంగగా ఉండేది. కాఫీషాపుకి వెళ్ళడం మానేసింది కదా.

పెద్దాయన జట్టు అక్టోబరు దాకా గెలుస్తూనే వచ్చింది. తెచ్చుకున్న బ్యాట్స్‌మన్ నిజంగా బాగా ఆడాడు. ఆఖరి మెట్టుకి ఒక్క మెట్టు కింద ఓడిపోయారు. ఆ పొద్దున నేను ఇంటి నుంచే పని చేసుకుంటున్నాను. ఎదురింటి టీవీ మధ్యలోనే ఆగిపోయింది. "నెక్స్ట్ ఇయర్" అన్న కేక వినబడలేదు. మా అత్తగారు వరండాలోకి వెళ్ళి నిలబడింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి వంటింట్లోకి వెళ్ళి మిరియాల చారు కాచింది. అన్నం, చారు, వేయించిన అప్పడం పట్టుకుని ఆయన గ్రిల్ తట్టింది. నేను లేచి వెనకే వెళ్ళాను, మధ్యలో మాట చెప్పేవాళ్ళుండాలి కదా.

ఆయన తలుపు తీశాడు. టోపీ ఇంకా నెత్తి మీదే ఉంది.

"పాపం, మీవాళ్ళు తెచ్చుకున్న ఆ ఆటగాడు బాగానే కొట్టాడండీ అన్నయ్యగారూ," అంది ఆవిడ.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన టోపీ తీసి, "కోరుకోవడం తప్పు కాదు కదా, ఆంటీ?" అన్నాడు.

"కోరుకోవడం తప్పెట్లా అవుతుంది? ముందు తినండి, చల్లారిపోద్ది."

చారుకి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరియాలే అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మరుసటి ఏడు, మళ్ళీ సెలవుల్లో, ఒక పొద్దున మా బెల్లు ఆగకుండా మోగింది. "ఆంటీ! యువర్ బాయ్! టుడే!" అంటూ పెద్దాయన లోపలికొచ్చేశాడు. పుర్రచేతి కుర్రాడు కొత్త జట్టు తరఫున మొదటిసారి పెద్ద ఆటలో విసరబోతున్నాడు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ టైముకి ఆఫీసుకి వెళ్ళలేదు. వాడు వచ్చీ రాగానే ఇద్దర్ని ఉత్తపుణ్యానికి నడిపించేశాడు. పెద్దాయన టోపీతో మొహం కప్పేసుకున్నాడు. "కంగారుపడకు నాయనా, నీ చెయ్యి నీదే, ఎవరూ కట్టెయ్యరు," అని మా అత్తగారు టీవీతో నెమ్మదిగా చెప్పింది. అది మా అమ్మాయి అనువదించలేదు. ఆ తర్వాత వచ్చిన ముగ్గురినీ వాడు వరసగా అవుట్ చేశాడు. ముగ్గురికీ బంతి కనబడినట్టే లేదు. అందరికన్నా గట్టిగా అరిచింది పెద్దాయనే. మా అత్తగారు అరవలేదు. ఒడిలో ఉన్న ఎడంచేతిని పిడికిలి బిగించి అలా చూస్తూ కూర్చుంది.

ఆదివారం పెద్దాయన ఒక పాత తోలు గ్లౌజు, ఒక బంతి పట్టుకొచ్చాడు. మా బ్లాకు కింద బంతాటలు నిషేధమని బోర్డు ఉంది కాబట్టి, అందరం బస్సెక్కి పాత నౌకా స్థావరం పక్కనున్న మైదానానికి వెళ్ళాం. గడ్డి ఇంకా తడిగా ఉంది. మా అమ్మాయి గ్లౌజు వేసుకుని ఎదురుగా నిలబడింది. మా అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బంతిని కుడిచేతిలోకి తీసుకుని విసరబోయి, ఆగింది. చుట్టూ ఒకసారి చూసింది. ఎవరో వద్దంటారని అప్పటికీ అనుమానమేమో. బంతిని ఎడంచేతిలోకి మార్చుకుంది.

మొదటిది ఆవిడ కాళ్ళ దగ్గరే పడింది. రెండోది వాన కాలవలోకి పోతే మా వారు దిగి తీశారు. "నో కంట్రోల్!" అని పెద్దాయన నవ్వాడు. దానికి ఆవిడకి అనువాదం అవసరం లేకపోయింది. పళ్ళు బిగించి విసిరిన మూడో బంతి తిన్నగా వెళ్ళి గ్లౌజులో టప్‌మని పడింది. "నానమ్మా, స్ట్రైక్ లా!" అని మా అమ్మాయి గెంతింది. డెబ్బై దాటిన మనిషి మొహంలో పదేళ్ళ పిల్ల కనబడడం అంటే ఏమిటో నేను ఆ రోజు చూశాను. తిరుగు బస్సులో భుజం పట్టేసిందని మూలిగింది గానీ, వచ్చే ఆదివారం ఎన్నింటికి బయల్దేరదామని కూడా తనే అడిగింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. పుర్రచేతి కుర్రాడు ఇప్పుడు కుర్రాడు కాడు. ఒక రోజు గొప్పగా విసురుతాడు, ఒక రోజు చితకబాదించుకుంటాడు. పెద్దాయన జట్టు మళ్ళీ తన పాత అలవాటులో పడింది. మా అమ్మాయి ఉద్యోగంలో చేరింది, అనువాదాలు ఫోనులో చెబుతుంది. రైలులో ఆ కుర్రాళ్ళ మాటలు విన్న రోజు సాయంత్రం ఇంటికెళ్ళేసరికి, ఎదురింట్లో ఇద్దరూ ఎవరో పదిహేడేళ్ళ కొత్త పిల్లాడి గురించి వాదించుకుంటున్నారు. వాడు పైకి రావడానికి కనీసం ఐదేళ్ళు పడుతుందని పెద్దాయన అంటున్నాడు. నేను అదే మాట తెలుగులో చెప్పాను.

"పట్టనీవే, మనకేం తొందర?" అంది మా అత్తగారు. ఆవిడకి ఎనభై దాటాయి.

ముందున్న కాలం ఎంతో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. ఎదురుచూసేది ఒకటున్న ఇంట్లో మాత్రం రోజూ కాస్త ముందే తెల్లవారుతుంది.