చిన్నాయన ఆగిన చోటు

మా చిన్నాయన వాయించిన పాటల్లో చిన్నాయన తప్ప అందరూ వినపడతారు. మా ఇంట్లో ఇది పాత ఎగతాళి. పాడినామె వినపడుతుంది, తబలా వినపడుతుంది, ఎవడో మూల నిలబడి గిలక్కాయ లాంటిది ఆడిస్తే అది కూడా వినపడుతుంది. "మరి నువ్వు యాడుండావు చిన్నాయనా?" అంటే, "అడుగున ఉండా పాపా. ఇంటికి పునాది కనపడతాదా?" అనేవాడు. నేను ఊరుకునే రకం కాదు. "పునాది కనపడకపోయినా కరెంటు బిల్లు మీద ఓనరు పేరుంటాది. నీ పేరు యాడుండాది?" అనేదాన్ని. నాకు నోరెక్కువని మా వీధంతా తెలుసు. చదువుతో వచ్చిన నోరు కాదిది, పుట్టుకతో వచ్చింది. డిగ్రీ దానికి పదును పెట్టింది, అంతే.

ఆయన వాయించేది బేసు. ఫిడేలును మనిషికంటే ఎత్తుగా చేసి నేల మీద నిలబెడితే ఎట్లుంటుందో అట్లుంటుంది. దాన్ని వాటేసుకున్నట్టు నిలబడి వేళ్ళతో మీటాలి. మా తాత గుంతకల్లు లోకోషెడ్డులో పని చేసేవాడు. అక్కడి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆంగ్లో ఇండియన్లు శనివారం సాయంత్రం డ్యాన్సులు పెట్టుకునేవాళ్ళు. ఆదివారం చర్చికి కొడుకులిద్దర్నీ మా తాతే తీసుకుపోయేవాడు, శనివారం ఆ హాలుకు మాత్రం చిన్నోడు తనంతట తానే పోయినాడు. వాళ్ళ బ్యాండులో బేసు వాయించే గార్డు రిటైరై వెళ్ళిపోతే, ఆ బరువు ఎత్తగలిగినవాడు ఈయనొక్కడే అని చేతికిచ్చినారట. చిన్నాయన సంగీతం అట్లా మొదలైంది, భుజబలంతో. తర్వాత బొంబాయి మెయిలెక్కి పోయినాడు.

బొంబాయిలో పగలు సినిమా స్టూడియోలు, సాయంత్రం హోటళ్ళలో జాజు. ఎన్ని పాటలకు వాయించినాడో ఆయనకే లెక్క లేదు. పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఇంకోచోట. వాయించి లోకల్ రైలెక్కి వచ్చేయడమే, పాట ఏ సినిమాలోదో కూడా తెలియదు. ఏ గ్రామఫోను ప్లేటు మీదా పేరు వేయలేదు. జాజు అంటే ఏందని చిన్నప్పుడు అడిగితే ఇట్లా చెప్పినాడు: "మొదట పాటను అందరూ కలిసి వాయిస్తారు పాపా. తర్వాత ఒక్కొక్కడు తన వంతు వచ్చినప్పుడు మనసుకు తోచింది వాయిస్తాడు. మిగతావాళ్ళు వానికి తోడుంటారు." "నడమ దూరేవాడు ఉండడా?" అన్నాను. "నీలాంటోళ్ళను బ్యాండులో పెట్టుకోరులే."

ఒక్క ప్లేటు మీద మాత్రం పేరు పడింది. హోటల్లో తనతో వాయించే బ్యాండు మాస్టరు సొంతంగా తీసిన జాజు రికార్డు అది. అట్ట వెనక, అడుగున, చీమ తలంత అక్షరాల్లో చిన్నాయన పేరు. అందులో ఒక పాటలో బేసుకు కూడా వంతు వచ్చింది, అప్పడం కాల్చేంత సేపు. ఆ ముక్కను ఆయన జీవితమంతా నోటితో వాయించుకున్నాడు. గడ్డం గీసుకుంటా, స్నానం చేస్తా, రేషన్ క్యూలో నిలబడి, దుమ్ దుమ్ దుదుమ్ అని. మెట్లెక్కినట్టు పైకి పైకి పోయి, అంత ఎత్తున టక్కున ఆగిపోతాడు. ఒక్క దెబ్బ కాలం ఏమీ ఉండదు. తర్వాత బావిలోకి చేద జారినట్టు దిగుతాడు. "ఈడ వినేవాడు ఊపిరి బిగబట్టల్ల" అనేవాడు. నాకు ఎక్కాలకంటే ముందు వచ్చింది ఆ ముక్క.

కానీ రికార్డింగ్ అయినరోజే మాస్టరు ఒక మాట అన్నాడట: "పాట పొడుగైపోయింది. ప్లేటులో సరిపోతే నీ ముక్క ఉంటుంది, లేకపోతే కోసేస్తాను." అదే వారం మా తాత పోయినాడని టెలిగ్రాం. చిన్నాయన గుంతకల్లు వచ్చి, సమాధి కార్యం చూసుకొని, ఆస్తి లేకున్నా ఉన్నట్టు కొట్లాడుకున్న బంధువులను సర్ది తిరిగి పోయేసరికి అంతా అయిపోయింది. ఒక ప్లేటు చేతిలో పెట్టినారు. వినడానికి ఆయన దగ్గర మిషను లేదు. మరోసారి ఊరికి వచ్చినప్పుడు తెచ్చి మా రేకుల ఇంట్లో అటక మీద దాచినాడు. అనంతపురం ఎండ అంటే ఏందో బొంబాయిలో ఉండి మరిచిపోయినట్టుంది. ఒక్క వేసవికే అది నూనెలో వేసిన వడియం మాదిరి ముడుచుకుపోయింది. దాన్ని సాపు చేయాలని తాడిపత్రి నల్లబండ ఒకటి తెచ్చి, ప్లేటును దాని కింద పెట్టినాడు. ఆ బండ ఇప్పటికీ మా మంచం కిందే ఉంది, దాని కింద ప్లేటూ ఉంది. సాపైతే కాలేదు.

కీబోర్డులు వచ్చినాక బేసు పని ఒక వేలితో అయిపోయింది. చిన్నాయన తన పెద్ద ఫిడేలును రైలు బ్రేకు వ్యానులో వేసుకొని అనంతపురంలోని మా ఇంటికి వచ్చేసినాడు. పెండ్లి చేసుకోలేదు. నేనూ చేసుకోలేదు, ఎందుకో అడిగినవాళ్ళందరికీ మొహం మీదే చెప్పినాను కాబట్టి ఇక్కడ రాయను. అమ్మా నాయనా పోయినాక ఇంట్లో మేమిద్దరమే. నేను కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను, ఆయన నా నోరు భరిస్తాడు.

బేసుకు మా ఊరి గాలి పడలేదు. పొడిగాలికి కట్టె బిగుసుకొని చీలుతుందంట. దాని పక్కన ఎప్పుడూ ఒక కుండ నీళ్ళు, తడిపిన గోనెపట్ట పెట్టేవాడు. వాన లేని యేడు ట్యాంకరు ముందు బిందెలతో తన్నుకుంటున్నప్పుడు ఎదురింటామె అననే అంది: "ఏమమ్మా, మీ చిన్నాయన ఎండిన కట్టెకు నీళ్ళు పోస్తాండాడంటనే. చిగురేస్తాదా?" "చిగురేస్తే నీకు పచ్చడికి పంపిస్తాలే" అన్నాను. కానీ ఆ వేసవి ట్యాంకరే రావడం మానేసింది. కుండ ఎండింది, గోనెపట్ట అట్ట కట్టింది. ఒక మధ్యాహ్నం తుపాకి పేలినట్టు చప్పుడైంది. పోయి చూస్తే బేసు పొట్ట నిలువునా చీలి ఉంది. చిన్నాయన దాని మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడినాడు. మళ్ళీ దాన్ని ముట్టలేదు. నోటి పాట ఒక్కటే మిగిలింది.

మొన్నటేడు ఆ జాజు పాటను ఎవరో నెట్లో పెట్టినారు. ఫోను మధ్యలో పెట్టుకొని ఇద్దరం కూర్చున్నాం. బాకా వచ్చింది, పియానో వచ్చింది, ఆయన వంతు రావలసిన చోట ఏమీ రాలేదు. డ్రమ్ము మీద కుంచెతో రుద్దే చప్పుడు మాత్రం, ఇసుక జల్లించినట్టు, ఇస్ ఇస్ అని. చిన్నాయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కోసేసినారు పాపా."

"కోసేస్తే ఆ డ్రమ్ము వాడు ఒక్కడే యాల కూర్చున్నాడు? ఖాళీ బస్సుకు కండక్టరు టికెట్లు కొడతాడా?" అన్నాను. టవర్ క్లాక్ అవతల షామియానాలు, సౌండు పెట్టెలు బాడుగకిచ్చే అబ్బి దగ్గరికి ఫోను ఎత్తుకుపోయి తగిలించి చూపించినాను. ఇస్ ఇస్ అనేది రేకుల మీద వడగండ్లు పడినట్టయింది కానీ బేసు రాలేదు. "పెట్టెల తప్పు లేదక్కా. ఎవరో ప్లేటు తిప్పి, ఎదురుగా ఫోను పెట్టి రికార్డు చేసినట్టుండారు. దానికి అడుగు సౌండు ఎక్కదు. ప్లేటే కావల్ల" అన్నాడు. అప్పటినుంచి చిన్నాయనకు ఒకటే యావ. అన్నం ముందర కూర్చొని అడిగేవాడు: "కోసింటారంటావా, ఉంచింటారంటావా?" ఎనభై దాటిన మనిషి. ఇంటి గంట వినపడదు గానీ రోడ్డు మీద సిమెంటు లారీ పోతే మొదట వినపడేది ఆయనకే. ఆ చెవులు ఉన్నప్పుడే తెలుసుకోవాల.

ఆ పాట కింద నేనొక మాట రాసి పెట్టినాను, బేసు వాయించినాయన మా ఇంట్లోనే ఉన్నాడని. దానికి బెంగళూరు నుంచి ఒకతను ఎగురుకుంటా వచ్చినాడు. మడకశిర వైపు మనిషి, సగం కన్నడం. పాత ప్లేట్లు కొని దాచడం ఆయన పిచ్చి. ఏసీ కారులో పసిబిడ్డను తెచ్చినట్టు ఆ రికార్డును తెచ్చినాడు, ప్లాస్టిక్ సంచిలో, సంచి మీద ఇంకో సంచిలో.

"సార్, మీరు ఇంకా ఉండారా!" అన్నాడు కాళ్ళు మొక్కుతూ.

"లేకపోతే నీకు సంతకం ఎవరు పెడతారప్పా?" అన్నాను. ఆయన వచ్చింది అందుకే, అట్ట మీద ఆ పేరు కింద సంతకం కోసం.

"ముందు ఆ ప్లేటు ఒకసారి వినిపించు" అన్నాను.

అతని మొహం మాడిపోయింది. "అక్కా, ఇది సూది తగలని కాపీ. ఇట్లాంటివి ఎక్కడా దొరకవు. ఒక్కసారి సూది పెడితే దాని బెలె పోతాది."

"వాయిస్తే విలువ పోయే ప్లేటు ఏం ప్లేటప్పా? వండితే చెడిపోతాదని బియ్యం ఎవరన్నా బీరువాలో పెట్టుకుంటారా?"

"ఇది కలెక్షన్ అక్కా, మీకు అర్థం కాదు."

"నేను ఎకనామిక్స్ చెబుతా, బెలె సంగతి నాకు చెప్పాకు. ఈయన సంతకం పడితే బెలె పెరుగుతాదా, లేదా?"

సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"పెరుగుతాది కదా. అయితే ఒక చేత్తో పోయింది ఇంకో చేత్తో వస్తాది. ముందు వినిపించు, ఆనక సంతకం."

చిన్నాయన మధ్యలో దూరినాడు. "పోనీలే పాపా, దూరం నుంచి వచ్చినాడు. పెన్ను ఇట్లా తే."

"నువ్వుండు చిన్నాయనా. పెన్ను నా దగ్గరే ఉంటాది."

చివరికి ఒప్పుకున్నాడు. ప్లేట్లు కొనేముందు సరిచూసుకునే చిన్న మిషను అతని కారు డిక్కీలోనే ఉంది. షామియానా అబ్బి అంగడికే పోయినాం. "తాతకు బీపీ ఉండాదా అక్కా? ఇవి వినాయకుని ఊరేగింపు పెట్టెలు, గుండెలు అదురుతాయి" అంటూనే తగిలించినాడు. కూర్చోడానికి వేరే ఏమీ లేక చిన్నాయనను పెండ్లికొడుకులకు బాడుగకిచ్చే ఎర్ర మఖ్మల్ కుర్చీలో కూర్చోబెట్టినాం. "ఇన్నాళ్ళకు ఎక్కినావు" అన్నాను. నవ్వినాడు. ఆ నవ్వే నాకు గుర్తుండిపోయింది.

సూది దిగింది. బాకా వచ్చింది, పియానో వచ్చింది. తర్వాత కాళ్ళ కింది సిమెంటు గచ్చులోంచి పాకుతున్నట్టు బేసు వచ్చింది. గోడవారగా పేర్చిన స్టీలు గ్లాసులు సన్నగా గలగలమన్నాయి. నేను అంగడి అదిరేటట్టు అరిచినాను: "కోయలేదు చిన్నాయనా! ఉండావు! ఉండావు నువ్వు!"

చిన్నాయన కుడిచేతి వేళ్ళు మోకాలి మీద కదలడం మొదలుపెట్టినాయి. బేసు మెట్లెక్కుతోంది. ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. ఊపిరి బిగబట్టినాను.

ఆగలేదు.

ప్లేటులోని చెయ్యి ఆ ఎత్తున నిలబడకుండా జారిపోయి, ఇంకేదో తిప్పుకొని, వేగంగా, ఎంతో చక్కగా దిగి వెళ్ళిపోయింది. చిన్నాయన వేళ్ళు మాత్రం ఆయన ఆగే చోటే ఆగినాయి. అట్లనే గాల్లో ఉండిపోయినాయి.

"అబ్బబ్బ, ఏం వాయించినారు సార్!" అన్నాడు బెంగళూరతను. కండ్లలో నీళ్ళు కూడా ఉన్నట్టున్నాయి.

"ఇంకొక్కసారి పెట్టు నాయనా" అన్నాడు చిన్నాయన. ఎట్లాగూ సూది తగిలిపోయింది కదా అని అతను పెట్టినాడు. రెండోసారీ ఆగలేదు. నేను నోరు తెరిచినాను. చిన్నాయన నా చెయ్యి పట్టుకొని, "పాపా, పెన్ను ఇయ్యి" అన్నాడు. ఆ పట్టు ముసలోడి పట్టు కాదు, బేసు తీగ పట్టిన పట్టు. పెన్ను ఇచ్చినాను. చీమ తలంత ఆ పేరు కింద నిదానంగా సంతకం చేసినాడు. బెంగళూరతను ఫోటో తీసుకొని, ప్లేటును సంచిలో, సంచిని సంచిలో పెట్టుకొని, ఎండ ముదరకముందే పోవాలని వెళ్ళిపోయినాడు.

ఆటోలో నేను పేలినాను. "యాల చెప్పలేదు? అది నువ్వు కాదని ఆ పెద్దమనిషికి యాల చెప్పలేదు?"

"ఏమని చెప్పల్ల? ఉండేది ఆ ఒక్క పేరు. దాన్ని కూడా కొట్టేసుకోమంటావా?"

"ఆ మాస్టరుగాణ్ణి..."

"ఎప్పుడో సచ్చిపాయ. యాడికి పోయి కొట్లాడతావు? నేను నాయన సమాధి కాడ ఉంటి. మళ్ళా వాయించల్సి వచ్చింటాది, ఎవరినో పిలిచింటారు. అట్ట అప్పటికే అచ్చయిపోయింటాది." కొంచెం దూరం పోయినాక మళ్ళీ అన్నాడు: "ఎవురో గానీ, మంచి చెయ్యి." "కోస్తారని భయపడితి గానీ పాపా, ఇంకొకరు ఉంటారని అనుకోలేదు" అన్నాడు టవర్ క్లాక్ దాటినాక, బయటికి చూస్తా.

ఆ రోజునుంచి స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడు గీకే చప్పుడు, అంతే. నాతో వాదనకు కూడా రాడు. ఏమన్నా అంటే "నువ్వు చెప్పిందే లే" అంటాడు. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేదు.

పోయిన వారం ఉండబట్టలేక నేనే మొదలుపెట్టినాను. వంటింట్లో వేరుశనగ బుడ్డలు ఒలుస్తూ, ఆయనకు వినపడేటట్టు, దుమ్ దుమ్ దుదుమ్ అని. తప్పు పడితే దిద్దడానికన్నా నోరు తెరుస్తాడని ఆశ. మెట్లెక్కినాను. ఆ ఎత్తున, ఆయన నేర్పిన చోట, ఊపిరి బిగబట్టి ఆగినాను.

నడవలో మంచం కిర్రుమంది.

"ఆడ ఆగాకు పాపా" అన్నాడు చిన్నాయన. "ప్లేట్లో ఆగలేదు కదా."