శనివారం గోలీ

కామాటిపురలో మేమంతా ఒక్కో గదిలో కాపురముండే చాల్ మెట్ల దగ్గర ఎవరి చేతిలో మందుల సంచి కనిపించినా అది చివరికి నా దగ్గరికే వస్తుంది. గ్రాంట్ రోడ్ వైపు ఒక చిన్న దవాఖానలో రోగుల పేర్లు పిలిచే పని నాది. మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువుకున్నాను. మరాఠీ, హిందీ వచ్చు. డాక్టరు గొలుసు రాత కూడా చదవగలను. దాంతో నాకు కొంచెం తలకెక్కిందని మా ఆయన అంటుంటాడు. అబద్ధమేం కాదు.

చదువు రానివాళ్ళకు మందులు చెప్పడానికి నాకో పద్ధతి ఉంది. మాత్రను మేం గోలీ అంటాం. గోలీల పట్టీ మీద నల్ల స్కెచ్‌పెన్నుతో పొద్దున వేసుకునేదానికి సూర్యుణ్ణి, రాత్రిదానికి చంద్రుణ్ణి గీస్తాను. తర్వాత వాళ్ళ చేత తిరిగి చెప్పిస్తాను. తప్పు చెబితే ఊరుకోను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, నా నోటికి ఆ పేరు లేదు.

కింది గదుల్లో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చిన కూలీలు ఉంటారు. వాళ్ళలో ఒక పెద్దమ్మకు ఈ వానాకాలం షుగరు బయటపడింది. వర్లిలో కడుతున్న బిల్డింగులో ఇసుక మోసే మనిషి. పొద్దున తిండికి ముందు ఒక గోలీ అని డాక్టరు రాశాడు. నేను సూర్యుణ్ణి గీసి ఇచ్చాను. కొన్నాళ్ళకు చూస్తే పట్టీలో గోలీలు మిగిలి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది.

"శనారం నాడు బిడ్డా..." అని ఆమె ఏదో మొదలుపెట్టింది. నేను సాగనివ్వలేదు. నల్లా దగ్గర నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళందరి ముందూ అరిచాను.

"శనారం లేదు, ఐతారం లేదు. పొద్దు పొడిస్తె గోలీ మింగాలె. మానితె కాళ్ళు తీసేస్తరు. ఏం జెప్పిన్నో మల్ల జెప్పు."

ఆమె బడిపిల్లలా చేతులు కట్టుకుని అప్పజెప్పింది. బిందెలు పట్టుకున్నవాళ్ళు నవ్వారు. నిజం చెప్పాలంటే, నేనూ నవ్వాను.

తర్వాతి శనివారం తోటి కూలీలు ఆమెను పని దగ్గర్నుంచి టాక్సీలో మా దవాఖానకు తెచ్చారు. చీరంతా చెమటతో తడిసిపోయింది, మాట తడబడుతోంది. షుగరు బాగా పడిపోయిందని డాక్టరు గ్లూకోజు ఎక్కించాడు. కాస్త తేరుకున్నాక సంగతి తెలిసింది. కురుమూర్తి సామికి ఆమె శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. పగలంతా ఏమీ తినదు, సాయంత్రం దీపం పెట్టాకే ముద్ద ముడుతుంది. తిననినాడు గోలీ ఎందుకని తనంతట తానే మానేసేది. నేను అరిచాక సామికీ భయపడింది, నాకూ భయపడింది. ఉత్త కడుపున గోలీ మింగి ఇసుక తట్ట ఎత్తింది. మా అమ్మ కూడా బతికినన్నాళ్ళూ శనివారాలు ఒక్కపొద్దు ఉన్న మనిషే. నాకు ఆ ఆలోచనే రాలేదు.

డాక్టరుకు తెలుగు రాదు, పెద్దమ్మకు మరాఠీ రాదు. ఏమీ తినకపోయినా ఈ గోలీ వేసుకోమని ఎవరు చెప్పారో అడగమన్నాడు నన్ను.

"ఎవలు జెప్పిన్రని అడుగుతున్నడు" అన్నాను, గ్లూకోజు సీసా వైపు చూస్తూ.

ఆమె మాత్రం నా ముఖంలోకే చూసింది. "ఎవ్వలు జెప్పలే అను బిడ్డా. సదువు రానిదాన్ని, నా అంతల నేనే మింగిన అను."

నేను దాన్ని ఒక్క ముక్క పొల్లుపోకుండా మరాఠీలో చెప్పాను.

డాక్టరు తల పట్టుకున్నాడు. వీళ్ళతో ఇదే తంటా అన్నాడు. ఒక్కపొద్దు నాడు ఈ గోలీ వద్దని చెప్పి, "నువ్వు బాగా చెప్తావు కదా, ఈసారి ఇంకాస్త నిదానంగా చెప్పు" అన్నాడు. సరేనన్నాను. సిగ్గుతో చచ్చిపోయానని రాయడం తేలిక. ముందు కలిగింది ఊరట, నా పని పోలేదు కదా అని. సిగ్గు తర్వాత వచ్చింది. వచ్చింది మరి పోలేదు.

సాయంత్రం ఆమెను చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చాను. డాక్టరుకు రేపు నిజం చెప్పేస్తానన్నాను దారిలో.

"ఎందుకు బిడ్డా? నీ నౌకరి పోతె మాకు మందులు ఎవలు జెప్తరు?" అంది.

గది ముందు ఆగి, కొంగుముడి విప్పి, గోలీల పట్టీ తీసి నా చేతిలో పెట్టింది. శనివారం ఏం చెయ్యాలో మళ్ళీ చెప్పమంది. నేను పట్టీ మీద గీసిన సూర్యుణ్ణే చూస్తున్నాను. నల్లా దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పడుతూనే ఉన్నారు.

"జెప్పు బిడ్డా, అప్పజెప్త" అని పెద్దమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.