ఫిర్యాదు నంబరు ఒకటి

మెర్విన్ ట్రెగెంజా ఇరవై ఒక్కేళ్ళపాటు ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి మా పబ్బుకొచ్చి, చేప తిని, పిల్లల మీద ఒక ఫిర్యాదు రాసి వెళ్ళాడు. జ్వరమొచ్చినా వచ్చేవాడు. ఒక ఏడాది గాలివానకి పబ్బు పైకప్పు రేకులు లేచిపోయి, కరెంటు పోయి, ఊళ్ళో జనమంతా ఇళ్ళల్లో తలుపులేసుకుని కూర్చున్నరోజున కూడా గొడుగు విరగ్గొట్టుకుని మరీ వచ్చాడు. కొవ్వొత్తి ముందు కూర్చుని ఇలా రాశాడు: "ఈరోజు పిల్లలెవరూ రాలేదు. నేను నమిలే చప్పుడు నాకే వినిపించింది. ఇది భరించడం కష్టం." ఇదేం ఫిర్యాదయ్యా అని అడిగితే, ఇది కూడా పిల్లల మీదేనని వాదించాడు.

నేను గ్లెనిస్‌ని. మా ఊరు యర్రబీలో ఉన్నది ఒక్కటే పబ్బు. అందులో పదిహేనేళ్ళుగా వంట చేస్తున్నది నేనే. ఆ పబ్బుకి యజమాని అంటూ ఎవరూ లేరు. ఊరంతా కలిసి కొనుక్కుంది, ఒక కమిటీ నడుపుతుంది. బార్ మీద ఒక పుస్తకం ఉంటుంది. ఎవరికేం నచ్చకపోయినా అందులో రాయొచ్చు. బీరు చల్లగా లేదనో, ఫుట్‌బాల్ ఆట సగంలో టీవీ పోయిందనో ఏడాదికి ఇద్దరు ముగ్గురు రాసేవాళ్ళు. మిగతాదంతా మెర్విన్ దస్తూరీయే.

మనిషి సన్నగా, నిటారుగా ఉండేవాడు. గోధుమ లారీలు తూచే కాటా దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. కంటితో చూసింది కాగితం మీద పెడితే గానీ అతనికి అది జరిగినట్టు కాదు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, కనీసం కుక్క కూడా లేదు. కిటికీ పక్క బల్ల అతనిది. కూర్చోగానే మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"పుస్తకం ఎక్కడ?"

"ముందు చేప తిను మెర్విన్. చల్లారిపోతుంది."

"చేప ఎక్కడికీ పోదు. ఆ మూడో బల్ల పిల్లాడు మాత్రం ఇప్పుడే ఉప్పు డబ్బాలో వేలు పెట్టాడు. మర్చిపోకముందే రాయాలి."

పిల్లలకి అతనంటే భయం ఉండాలి కదా. ఒక్కడికీ లేదు. అతను రాస్తుంటే వీళ్ళు చుట్టూ మూగి, "మెర్విన్ తాతా, ఇవాళ నా గురించేనా?" అని అడిగేవాళ్ళు. తమ పేరు లేకపోతే మొహాలు ముడుచుకునేవాళ్ళు. ఒక పిల్లాడైతే తన పేరెక్కాలని అతని బూటు మీద కావాలనే గ్రేవీ ఒలకబోశాడు. అది కూడా రాశాడు మహానుభావుడు: "గ్రేవీ. ఎడమ బూటు. ఉద్దేశపూర్వకం. పిల్లల బల్లకి గ్రేవీ గిన్నె చిన్నది ఇవ్వాలి."

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఆరుగురికి ఒకేసారి మాంసం ముక్కలు వేయిస్తూ, పొయ్యి దగ్గర చెమటలు కక్కుతున్న మనిషికి ప్రతి శుక్రవారం ఒక చీటీ అందిస్తే ఎలా ఉంటుంది? "ఇదిగో, ఈ వారం తాఖీదు వచ్చింది," అని మా ఆయన క్లైవ్ పుస్తకం తెచ్చి చూపించేవాడు. నేను తిట్టుకుంటూనే ఆ పని చేయించేసేదాన్ని. చేయకపోతే వచ్చే వారం అదే ఫిర్యాదు ఇంకా పెద్ద అక్షరాలతో వస్తుంది. పట్టిన పట్టు వదిలే రకం కాదు.

ఇలా సాగిపోతుండగా కమిటీకి నోయెల్ హార్టిగన్ అధ్యక్షుడయ్యాడు. గొర్రెల వేలంపాటలు నడిపే మనిషి, మెత్తగా మాట్లాడడం పుట్టుకతోనే రాలేదు. పట్నం నుంచి ద్రాక్షతోటలు చూడడానికి వచ్చే జనం మా ఊళ్ళో ఆగాలని, బల్లల మీద తెల్లగుడ్డలు పరవాలని, పన్నెండేళ్ళలోపు పిల్లల్ని భోజనాల గదిలోకి రానివ్వకూడదని ఒక తీర్మానం రాసి తలుపుకి అంటించాడు. ఆదివారం మూడింటికి ఓటింగన్నాడు.

"మరి పిల్లలు ఎక్కడ కూర్చోవాలి నోయెల్?" అని అడిగాను.

"మా చిన్నప్పుడు మేం కూర్చోలేదా? నాన్న లోపల తాగేవాడు, మేం బయట కారులో ఉండేవాళ్ళం. ఒక ఎర్ర సోడా, ఒక చిప్స్ పొట్లం. చచ్చిపోయామా?"

"నిన్ను చూస్తే ఆ కారులో బుర్రకి ఇంకాస్త గాలి తగలాల్సిందేమో అనిపిస్తోంది."

"నువ్వెన్నైనా అను. నా దగ్గర సాక్ష్యం ఉంది. ఒకే ఒక్క కస్టమరు, ఇరవై ఒక్కేళ్ళు, వెయ్యిన్ని డెబ్భై ఒక్క ఫిర్యాదులు. అన్నీ పిల్లల మీదే. ఇంతకంటే ఏం కావాలి?"

ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. నోయెల్ మీద కాదు, మెర్విన్ మీద. ఎందుకంటే ఆ తీర్మానం వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయేది టామ్‌సిన్ అని నాకు తెలుసు. ముప్ఫై కిలోమీటర్ల దూరంలో గొర్రెల పొలంలో ఉంటుంది. మొగుడు దూరప్రాంతాలకి లారీలు తోలుతూ నెలలో మూడు వారాలు ఇంట్లో ఉండడు. ఆరేళ్ళ జోసీని, రెండేళ్ళ ఫిన్‌ని వేసుకుని శుక్రవారం శుక్రవారం మా దగ్గరికి వస్తుంది.

తలుపు మీద కాగితం చదివి, నేరుగా నా వంటగదిలోకి వచ్చి నిలబడింది.

"గ్లెనిస్, వారమంతా నేను మాట్లాడేది వీళ్ళిద్దరితోనూ గొర్రెలతోనూ. ఈ శుక్రవారం కూడా లేకపోతే గొర్రెలకి వాటి భాషలోనే జవాబివ్వడం మొదలుపెడతాను."

నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు. ఆరోజు మెర్విన్‌కి చిప్స్ సగమే వడ్డించాను. దాని మీద ఫిర్యాదు రాయలేదు, అది పిల్లల విషయం కాదు కాబట్టి. నేనే వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాను.

"చూశావా నీ నిర్వాకం? నీ రాతలు చూపించి పిల్లల్ని వెళ్ళగొడుతున్నారు."

అతను తలుపు దగ్గరికెళ్ళి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తిరిగొచ్చి కూర్చుని, ఫోర్కు పళ్ళేనికి సమానంగా సర్దాడు.

"ఆదివారం మూడింటికేనా?"

"అవును."

"నిండిపోయిన పాత పుస్తకాలతో సహా అన్నీ అక్కడ ఉండాలి. పదకొండూ."

"ఎందుకు, ఇంకా గట్టిగా తరమడానికా?"

"పదకొండూ, గ్లెనిస్," అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క రాబట్టలేకపోయాను.

ఆదివారం భోజనాల గది నిండిపోయింది. మెర్విన్ టై కట్టుకొచ్చాడు. అతను టై కట్టుకోవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. అంటే ఎంత పంతం మీదున్నాడో అందరికీ అర్థమైంది. టామ్‌సిన్ ఫిన్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. జోసీ మాత్రం వెళ్ళి మెర్విన్ పక్క కుర్చీ ఎక్కింది, తన చోటు అదే అన్నట్టు.

నోయెల్ లేచాడు. "మెర్విన్ ఫిర్యాదులు మీకందరికీ తెలుసు. చదివినట్టే అనుకుని ఓటుకి వెళ్దాం."

"చదవాలి," అన్నాడు మెర్విన్.

"వెయ్యి ఉన్నాయయ్యా."

"నేను వెయ్యి రాశాను. నువ్వు పది చదవలేవా?"

జనం నవ్వారు. నోయెల్ పైనున్న పుస్తకం తీసి, వేలంపాటలో గొర్రెని పొగిడే గొంతుతో మొదలుపెట్టాడు.

"'నాలుగో బల్ల దగ్గర పిల్లల ఎత్తుకుర్చీకి ఒక కాలు పొట్టి. పాప స్పూను కొట్టినప్పుడల్లా టకటకమంటోంది. నా సూపుకి తాళం అక్కర్లేదు. కాలు బాగు చేయించండి.' విన్నారా, ఎంత గోల భరించాడో."

"ఆ కాలు మర్నాడే నేను బిగించాను," అన్నాడు మా క్లైవ్.

నోయెల్ పేజీ తిప్పాడు. "'పిల్లల పళ్ళేలు పెద్దవాళ్ళ పళ్ళేలతో పాటు వస్తున్నాయి. అప్పటిదాకా ఆకలికి ఏడుస్తున్నారు. చెవులు నావి. ముందు వాళ్ళకి పెట్టండి.'"

"'మరుగుదొడ్డి తలుపు గొళ్ళెం పిల్లలకి అందదు. ఒక్క భోజనంలో నాలుగుసార్లు లేచి తలుపు తీశాను. నేను ద్వారపాలకుణ్ణి కాను. గొళ్ళెం కిందికి దించండి.'"

"'మాంసం బహుమతిగా ఇచ్చే లాటరీలో చీటీ పెద్దవాళ్ళు తీయకూడదు. వరసగా నాలుగు వారాలు నోయెల్ బావమరిదికే వచ్చింది. పిల్లల చేత తీయించండి.'"

ఇక్కడ గదిలో పెద్ద నవ్వు లేచింది. బావమరిది షూ లేసు కట్టుకోవడానికి వంగాడు. నోయెల్ గొంతు సగానికి తగ్గింది. అయినా చదవక తప్పలేదు, మెర్విన్ చూపు అతని మీదే ఉంది.

"'ఎవరిదో పసిబిడ్డని నా ఒళ్ళో పెట్టి వెళ్ళారు. నలభై నిమిషాలు నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కింది. లేస్తే గోల చేస్తుందని కదల్లేదు. ఒక ఉయ్యాల తెప్పించండి.'"

"'ఆ గొర్రెల పొలం అమ్మాయి పిల్లలకి తినిపించేసరికి ఆమె అన్నీ చల్లారినవే తింటోంది. అది చూస్తూ వేడివేడిగా తినడం నాకు ఇబ్బందిగా ఉంది. ఆమె పళ్ళెం మీద మూత పెట్టి, పొయ్యి పక్కన ఉంచమని గ్లెనిస్‌కి చెప్పండి.'"

ఆ మూత పెట్టేది నేనే. మూడేళ్ళుగా పెడుతున్నాను. వారానికొక చీటీ చొప్పున వస్తే తిట్టుకుంటూ చేశాను తప్ప, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని నాకెప్పుడూ తట్టలేదు. చుట్టూ చూశాను. బల్ల కింద రంగు పెన్సిళ్ళ డబ్బా, గోడకి పిల్లలు గీసిన బొమ్మలు, కిందికి దించిన గొళ్ళెం, మూల ఉయ్యాల. ఆ గదిలో పిల్లల కోసం ఉన్న ప్రతి వస్తువూ మెర్విన్ ఫిర్యాదు మీద వచ్చిందే. నా మీద నాకే సిగ్గేసింది. ఆ సగం చిప్స్ కూడా గుర్తొచ్చాయి.

మెర్విన్ లేచి నిలబడ్డాడు.

"నోయెల్, పిల్లల్ని పంపించెయ్యండని నేను రాసిన పేజీ ఒకటి చూపించు."

నోయెల్ తిప్పాడు. ఒక పుస్తకం పెట్టి ఇంకోటి తీశాడు.

"దొరకదు," అన్నాడు మెర్విన్. "ఫిర్యాదు చేసేది బాగు చేయించడానికి. పారేసేదాని మీద ఎవడూ ఫిర్యాదు రాయడు. గ్లెనిస్, మొదటి పుస్తకం తీసి మొదటి పేజీ చదువు. నోయెల్ అలిసిపోయాడు."

అది నేను ఈ పబ్బుకి రాకముందు పుస్తకం. అప్పట్లో పబ్బు చూసుకున్న పెర్సీ పోయి చాలా కాలమైంది. అట్ట ఊడిపోయి, పేజీలు పసుపెక్కాయి. కళ్ళజోడు తుడుచుకుని చదివాను.

"'నంబరు ఒకటి. మార్చి నాలుగు, శుక్రవారం. కిటికీ బయట పసుపు రంగు కారు. వెనక సీట్లో ఒక పిల్ల, ఏడేళ్ళుంటాయి. గంట నుంచి ఒక్కతే కూర్చుని నేను చేప తినడం చూస్తోంది. ఎవరైనా చూస్తుంటే నేను తినలేను. తెర వేస్తే సరిపోతుంది కదా అని పెర్సీ అన్నాడు. తెర వేస్తే పిల్ల కనబడదు, బయట ఉందని మాత్రం తెలుస్తూనే ఉంటుంది. అది ఇంకా కష్టం. పిల్లని లోపలికి తీసుకురండి. నా బల్ల దగ్గర కుర్చీ ఖాళీగానే ఉంది.'"

కింద పెర్సీ రాత ఉంది: "తీసుకొచ్చాం. రూలుకి విరుద్ధం. ఏమైతే అయింది."

"రెండోది కూడా చదువు," అన్నాడు మెర్విన్.

"'నంబరు రెండు. ఆ పిల్ల నా చేపలో సగం తినేసింది. పిల్లలకి వేరే పళ్ళెం పెట్టే ఏర్పాటు చేయాలి.'"

ఈసారి నవ్వు రావడానికి కాస్త సమయం పట్టింది. అది తగ్గాక వెనక వరసలోంచి టామ్‌సిన్ గొంతు వినిపించింది.

"అది మా నాన్న కారు."

"పసుపు కార్లు చాలా ఉండేవి," అన్నాడు మెర్విన్, వెనక్కి తిరక్కుండా.

"యర్రబీలో ఒక్కటే ఉండేది. చేప మీద నిమ్మకాయ పిండి ఇచ్చారు మీరు. ముళ్ళు తీసిపెట్టారు. ఎవరో తాత అనుకున్నాను గానీ, మీరని ఇన్నేళ్ళూ తెలీదు."

"అప్పటికి నాకు నలభై ఆరు. తాత ఏంటి? అది కూడా రాసుండాల్సింది."

ఓటింగ్ పెట్టారు. తీర్మానానికి అనుకూలంగా చేతులెత్తమంటే ఒక్క చెయ్యి కూడా లేవలేదు. నోయెల్‌ది సగందాకా వెళ్ళింది గానీ, అది చెవి గోక్కోవడానికని తర్వాత చెప్పాడు.

తర్వాత నేను ఉన్నవాళ్ళందరికీ చిప్స్ వేయించాను. మెర్విన్‌కి రెండింతలు పెట్టాను, ఎందుకో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. టామ్‌సిన్ వచ్చి అతని పక్కన కూర్చుంది. ఈలోగా జోసీ లేచింది. కుర్చీ మీద నిలబడి, మూతినిండా టమాటా సాస్‌తో, అతని బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టింది. సాస్ బుగ్గ మీంచి జారి టై మీద పడింది.

మెర్విన్ టై వంక చూసుకున్నాడు. జోసీ వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"పుస్తకం ఎక్కడ?"

ఇరవై ఒక్కేళ్ళలో అతను ఆదివారంనాడు రాసింది అదొక్కటే. "నంబరు వెయ్యిన్ని డెబ్భై రెండు. సాస్. టై. పిల్లలకి మెడకి గుడ్డలు కడుతున్నారు, పక్కన కూర్చునేవాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు. పెద్దవాళ్ళకి సరిపడా గుడ్డ ఒకటి కుట్టించండి."

శుక్రవారం దాకా ఎందుకని మంగళవారమే కూర్చుని కుట్టాను. నీలంరంగు గుడ్డ, మీద పసుపు దారంతో చిన్న కారు. శుక్రవారం ఆరింటికి అతని పళ్ళెం పక్కన పెట్టాను. చాలాసేపు చూశాడు. మెడకి కట్టుకుని, జోసీ వైపు తిరిగి ముడి సరిగ్గా ఉందో లేదో అడిగాడు. ఆ తర్వాత, కారు చక్రాలు గుండ్రంగా రాలేదని నా మీద ఫిర్యాదు రాశాడు.