గుర్రం మీది సేనానికి ఇంకా రంగు పడలేదు

నా చిన్నప్పుడు నాకొచ్చినంత కోపం బోయిగూడ మొత్తంలో ఇంకే పిల్లకూ రాదని మా అమ్మ అనేది. అందులో సగం కోపం మా పక్కింటి డ్రాయింగు మాస్టారి పుణ్యమే.

ఆయనకో పిచ్చి ఉండేది. సీసం కరిగించి, అచ్చుల్లో పోసి, బొటనవేలంత సైనికుల బొమ్మలు చేసేవారు. అందరూ నెపోలియన్ కాలపువాళ్లే. సన్నటి కుంచెతో వాటికి రంగులు వేసి, పాచికలూ స్కేలూ పట్టుకుని, భోజనాల బల్ల మీద యుద్ధం ఆడేవారు. తోడు ఆడేవాళ్లు దొరక్క, ఓ ఎండాకాలం సెలవుల్లో నన్ను పట్టుకున్నారు. చెప్పుల డబ్బాలో ఇంకా రంగు వేయని నలభైమంది సిపాయిలను, ఆరుగురు సేనానులను పెట్టిచ్చారు. ఆట నియమాలన్నీ రాసుకున్న నోటుబుక్కు కూడా చేతికిచ్చి, సెలవుల ఆఖరి ఆదివారం యుద్ధం అన్నారు. గెలిస్తే అద్దాల బీరువాలోని గుర్రం మీది సేనాని నాదే. వాడికింకా రంగైనా పడలేదు. అయినా ఆ గుర్రం ముందుకాళ్లు ఎత్తిన తీరు చూసి నాకు మతిపోయింది. ఎలాగైనా వాడు నాకు కావాలి.

ఆయన గట్టిగా చెప్పిన షరతు ఒక్కటే. రంగు వేయని బొమ్మ బల్ల ఎక్కకూడదు.

సిపాయిలకు రంగు వేయడమంత విసుగు పని ఇంకోటి లేదు. అందరికీ అదే నీలం కోటు, అవే తెల్ల పట్టీలు. వాళ్ల మొహం ఎవడు చూస్తాడు? సేనానులకైతే బంగారు భుజకీర్తులు, ఎర్రటి నడికట్లు, టోపీల మీద ఈకలు! ఒక్కొక్కరికి వారం పట్టింది. ఆరుగురూ పూర్తయ్యేసరికి సెలవులూ అయిపోయాయి. పోనీలే, ఒక్కో సేనాని పదిమంది పెట్టు, ఆ మాత్రం చాలదా అనుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి రాగానే మాస్టారు బల్ల సర్దారు. నా సేనానులను భూతద్దం పెట్టి చూసి, మస్తు చేసినవ్ బిడ్డా అని మెచ్చుకున్నారు. సిపాయిలేరని అడిగితే, ఇంకా రంగు కాలేదన్నాను. ఈ ఒక్కసారికి పోనిస్తారనుకున్నాను. పోనివ్వలేదు. నవ్వలేదు కూడా. షురూ చేద్దామా అన్నారు.

నేను వీరావేశంతో మొదటి సేనానిని ముందుకు జరిపి, కాల్చాడు అన్నాను.

“సేనాని కాల్చడు బిడ్డా, హుకుమిస్తడు. ఇయ్యి మరి. ఎవరికిస్తవ్?”

ఆయన సిపాయిలు తాపీగా వచ్చి చుట్టుముట్టారు. అరగంటలో ఆరుగురూ ఖైదీలైపోయారు. నెలన్నర కష్టం! మోసం, ముందే ఎందుకు చెప్పలేదని ఏడుస్తూ అరిచాను.

“పుస్తకం నీకిచ్చిన గద? సదివినవా?”

చదవలేదు. అందులోని బొమ్మలు మాత్రమే చూశాను. అది ఒప్పుకోవాల్సి రావడం ఓడిపోవడం కన్నా మండింది.

అప్పుడాయన లేచి, బీరువా తెరిచి, గుర్రం మీది సేనానిని తెచ్చి నా అరచేతిలో పెట్టారు. నేను నోరు తెరిచాను.

“తీస్కో. గని నీ సిపాయిలందరు అయినంకనే దీనికి రంగు. నావోళ్లు సుత ఇంకా అయిపోలే. అందుకే ఇన్నేండ్ల సంది గిట్లనే ఉన్నది.”

ఇచ్చినట్టే ఇచ్చి ఇదేం తద్దినం! నాలుగు రోజులు ఆ డబ్బాను మంచం కిందకి తోసేసి ఉంచాను. తర్వాత పళ్లు బిగించి కూర్చుని, దసరా లోపల నలభైమందినీ పూర్తి చేసి పట్టుకెళ్లాను. ఆయన ఎంత మురిసిపోయారో! మురిసిపోయి, లోపలికెళ్లి, ఇంకో అరవైమందిని తెచ్చిచ్చారు. ఒళ్లు మండిపోయింది.

తర్వాత చదువు, ఉద్యోగం, సంసారం. మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. ఆ అరవైమంది ఉన్న డబ్బా అటక మీదే ఉండిపోయింది. రిటైరయ్యాక, ఏ.ఎస్. రావు నగర్‌లోని ఈ ఫ్లాటులో, బాల్కనీ పక్కన బల్ల వేసుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఏం లాభం? చెయ్యి వణుకుతుంది. ఒక కంటికి ఆపరేషనయింది, రెండోది వరసలో ఉంది. ఒక్క బొత్తాం పెట్టడానికి మూడుసార్లు తుడవాల్సి వస్తోంది. చెయ్యి నిలకడగా ఉన్నన్నాళ్లూ తీరిక లేదు, తీరిక దొరికేసరికి చెయ్యి లేదు. మా అమ్మాయేమో, ముందు ఆ గుర్రం ఆయనకే వేసెయ్యమ్మా, ఎవరొచ్చి చూస్తారు అంటుంది.

నిజమే, ఎవరూ చూడరు. నిన్న బంగారు రంగు డబ్బా తెరిచాను కూడా. కుంచె ముంచి, వాడి భుజం దాకా తీసుకెళ్లాను. పక్కనే, అరవైమందిలో ఇంకా మిగిలిన ఆరుగురు సిపాయిలు బోసి మొహాలతో నిలబడి ఉన్నారు. ఇక వీడు ఎవరికి హుకుమిస్తాడు?

మాస్టారిని మనసారా తిట్టుకుని, కుంచె కడిగి, నీలం డబ్బా తీశాను. చీకటి పడేలోగా ఒకడి కోటు పూర్తయింది. ఇంకా అయిదుగురున్నారు.